‘ఒఁనివా’ – ఒక ఫ్రెంచి వాడుక మాట, దాని వ్యాకరణం

మన కళాశాలలో సాయంకాలపు గంట కొట్టగానే వినబడే మాటలను ఒకసారి తలచుకొనండి. ఒక మూల నుండి ‘పదరా, పోదాం’ అని, మరొక మూల నుండి ‘చల్, జాయింగే’ అని కేకలు వినవస్తాయి. బస్సు తప్పిపోతుందన్న తొందరలో ఉన్నవారు రెండు భాషలనూ కలిపి ‘చలో, పదండి’ అని కూడా అంటారు. ఇదే సమయాన, ఇదే తొందరలో, ఫ్రాన్సు దేశపు విద్యార్థి తన స్నేహితులతో అనే మాట ‘ఒఁనివా’. ‘ఇక వెళ్దాం’ అని దాని తాత్పర్యం. చూడటానికి అది ఒకే మాట. విడదీస్తే మూడు మాటలు. ఆ మూడింటి వెనుక ఒక భాషా వ్యాకరణంలో సగభాగం దాగి ఉన్నదని చెప్పినా అతిశయోక్తి కాదు.

మిరప ధర, ప్రత్తి ధర, సాగరు కుడి కాలువకు నీరు ఎప్పుడు వదులుతారన్న చింత తప్ప వేరొకటి లేని మన దర్శి ప్రాంతంలో ఫ్రెంచి భాష ప్రసక్తి ఏమిటని పాఠకులు అడుగవచ్చును. ఆ భాష మన తీరానికి క్రొత్తది కాదు. 1669లో గోల్కొండ సుల్తాను ఫర్మానా పొంది ఫ్రెంచివారు మచిలీపట్నంలో వర్తకశాల నెలకొల్పారు. ఆ పట్టణంలోని ఫ్రెంచిపేట పేరు వారిని ఇప్పటికీ గుర్తు చేస్తుంది. 1753లో నిజాం సలాబత్ జంగు ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు సర్కారులను బుస్సీకి ధారాదత్తం చేశాడు. ఆ అధికారం కొన్ని సంవత్సరాలకే ముగిసింది. 1759లో మచిలీపట్నం కోట ఆంగ్లేయుల వశమైనది. గౌతమీ తీరాన యానాం మాత్రం ఫ్రెంచివారి పాలనలో 1954 వరకు నిలిచింది. అంటే తెలుగు పిల్లలు ఫ్రెంచి వాచకాలు చేతబట్టుకొని బడికి వెళ్ళిన ఊరు మన తీరంలోనే ఒకటి ఉన్నది.

హైదరాబాదులోని మూసారాంబాగు పేరు వినని వారు అరుదు. నిజాం సైన్యంలో పనిచేసి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు మీద ఆ ప్రదేశం ఏర్పడింది. ‘మొస్యో రేమొఁ’ అన్న పిలుపు ముస్లిముల నోట ‘మూసా రహీం’ అనీ, హిందువుల నోట ‘మూసా రాం’ అనీ మారిందని చెబుతారు. ‘మొస్యో’ అంటే ‘అయ్యా’ అని గౌరవవాచకం. ఒక పరాయి పేరును రెండు వర్గాలవారు తమ తమ నోటికి అనువుగా మలచుకొని తమవాడిని చేసుకున్న వైనం ఇది. ఉర్దూ, తెలుగు పక్కపక్కన అచ్చయ్యే ఈ సంచికలో ఆ పేరును స్మరించుట ఉచితమని తోచింది.

ఇక అసలు విషయం. సుమారు ముప్పది ఏండ్ల క్రితం, యానాం వద్ద గౌతమి మీద వారధి లేని రోజులలో, ఎదుర్లంక వైపు పోవు పడవ కోసం మేము రేవులో నిరీక్షిస్తున్నాము. అప్పటికి ఫ్రెంచి నేర్చుకొనవలెనన్న ఉబలాటంతో ఒక పాత వ్యాకరణ పుస్తకాన్ని ఏడాది పాటు వల్లించి ఉన్నాము. మా పక్కన ఒక వృద్ధుడు, ఆయన వెంట ఫ్రాన్సు నుండి సెలవులకు వచ్చిన మనుమరాలు కూర్చొని ఉన్నారు. పడవ ఒడ్డును తాకగానే ఆ పిల్ల లేచి ‘ఒఁనివా, తాతా!’ అన్నది. మా పుస్తకంలో అట్టి పదమే లేదు. మేము సాహసించి, ‘వెళ్దాము అనుటకు నూజియాలొఁ అనవలెను గదా’ అని ఆ పెద్దాయనను అడిగాము. ఆయన నవ్వి, ‘నిజమేనండీ. మా బడిలోనూ అలాగే నేర్పారు. ‘నూ’ అని వ్రాయకపోతే ఎర్ర సిరా పడేది. కాని నోటితో అలా ఎవరంటారండీ? అది కాగితం మీది మాట, ఇది నోటి మీది మాట’ అన్నారు. ఏడాది పాటు వల్లించిన పుస్తకం ఆ క్షణంలో మా సంచిలో మరింత బరువెక్కినట్లు తోచింది.

ఆ మాట తప్పు ఉచ్చారణ కాదు, వ్యాకరణం తెలియని వారి యాస కాదు. దానికి ఖచ్చితమైన నియమాలు ఉన్నవి. వాటిని ఒక్కొక్కటిగా విడమరచి చూపటమే ఈ వ్యాస ఉద్దేశం.

మొదట ధ్వని. ‘ఒఁ’, ‘ఇ’, ‘వా’ అన్నవి ఇందులోని మూడు పదాలు. మొదటి పదాన్ని రెండక్షరాలతో వ్రాస్తారు, ఓ తరువాత ఎన్. కాని ఒంటరిగా పలికినప్పుడు అందులో ‘న్’ వినబడదు, అచ్చు మాత్రమే ముక్కు గుండా వెలువడుతుంది. ఆంగ్లం ద్వారా ఫ్రెంచి నేర్చుకొనువారికి ఈ ధ్వని మహా కష్టం. మనకు ఆ కష్టం లేదు. ఉర్దూలో ‘హాఁ’, ‘మైఁ’ అనునప్పుడు చివర వచ్చే నూన్ గున్నా సరిగ్గా ఇటువంటిదే. తెలుగులో అరసున్న ఉన్నది. నేటి తెలుగు నోటిలో దాని ధ్వని లుప్తమై, పాత గ్రంథాలలో గుర్తుగా మాత్రమే మిగిలినా, లిపిలో చోటు పదిలంగా ఉన్నది. కనుక మన తరగతిలో ఉర్దూ విద్యార్థి పలికి చూపితే తెలుగు విద్యార్థి వ్రాసి చూపగలడు. ఆంగ్ల లిపికి ఈ సౌకర్యం లేదు.

పై పదం తరువాత అచ్చు వస్తే అణగియున్న ‘న్’ మేల్కొంటుంది. ‘ఒఁ’ తరువాత ‘పార్’ అన్న క్రియ వస్తే ‘ఒఁ పార్’, ‘బయలుదేరుదాం’ అని అర్థం. నకారం లేదు. తరువాత ‘ఇ’ వస్తే ‘ఒఁని’. నకారం వచ్చి ఆ అచ్చుతో కలిసిపోయింది. ఫ్రెంచివారు దీనిని ‘లియేజొఁ’ అంటారు, కలయిక అని అర్థం. బాలవ్యాకరణం చదివిన విద్యార్థులకు ఈపాటికి ఒక మాట స్ఫురించి ఉండవలెను. అదే ద్రుతం. ‘పూచెను’ తరువాత ‘కలువలు’ వస్తే ‘పూచెఁ గలువలు’, అక్కడ నకారం అరసున్నగా సన్నగిల్లింది. ‘వచ్చెను’ తరువాత ‘అతడు’ వస్తే ‘వచ్చెనతడు’, అక్కడ నకారం నిండుగా నిలిచి అచ్చుతో కూడింది. హల్లు ముందు సున్న, అచ్చు ముందు నకారం. రెండు భాషలకు జన్మసంబంధం ఏమీ లేదు. అయినప్పటికీ నోటి సౌకర్యం రెండు చోట్లా ఒకే దారి తొక్కింది. ద్రుతసంధి పరీక్షకు తప్ప దేనికీ పనికిరాదని విసుగుకొను మిత్రులు ఈ ఒక్క ఉదాహరణనైనా మన్నించవలెను.

ఇప్పుడు ఆ ‘ఒఁ’ అర్థమేమిటో చూతము. లాటిన్‌లో ‘హోమో’ అంటే మనిషి. ఆ పదం అరిగి అరిగి ‘ఒఁ’ అయినది. మొదట దాని అర్థం ‘మనిషి అన్నవాడు’. మనం ‘మనిషి ఎంతకని ఓర్చుకుంటాడు’ అంటాము, ఉర్దూలో ‘ఆద్మీ క్యా కరే’ అంటారు. ఆ మనిషి ఎవరో ఒకరు కాదు, ఎవరైనా కావచ్చును, తరచుగా మాట్లాడుతున్నవాడే. ఆ విధంగానే ‘ఒఁ’ మొదట ‘ఎవరైనా’ అనీ, ‘లోకులు’ అనీ, కాలక్రమాన ‘మనం’ అనీ అర్థాలు సంపాదించుకున్నది. నేటికీ ‘ఒఁ దీ’ అంటే ‘అంటారు’, మన ఇండ్లలో ‘లోగాఁ బోల్తే’ అన్నట్లు. నిత్య సంభాషణలో మాత్రం ‘మనం’ అన్న అర్థమే ప్రబలింది. గ్రంథభాషలోని ‘నూ’ అన్న సర్వనామం నోటి మాటలో ఇంచుమించు తన పీఠాన్ని దీనికి అప్పగించింది.

అర్థం బహువచనమైనా పుట్టుక ఏకవచనం గనుక, దీనితో వచ్చే క్రియ ఏకవచనంలోనే ఉంటుంది. ‘మనిషి పోతాడు’ అన్న రూపంతోనే ‘మనం పోదాం’ అంటారన్నమాట. ఇంకొక వింత ఉన్నది. ‘మనం సంతోషంగా ఉన్నాం’ అని ‘ఒఁ’తో వ్రాసేటప్పుడు క్రియ ఏకవచనంలో ఉన్నా, విశేషణానికి బహువచన ప్రత్యయం చేర్చుతారు. క్రియ వ్యాకరణాన్ని చూసి నడుస్తుంది, విశేషణం మనుషుల సంఖ్యను చూసి నడుస్తుంది. తర్కం వెతుకువారికి ఇది నచ్చకపోవచ్చును. భాష తర్కాన్ని అడిగి నడవదు.

తెలుగువారికి ఇక్కడ ఒక చిక్కు కూడా ఉన్నది. మనకు ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. ఎదుటివానిని కలుపుకుంటే ‘మనం’, వదిలిపెడితే ‘మేము’. ఈ భేదం ఫ్రెంచికి లేదు. శిష్ట ఉర్దూలోని ‘హమ్’కూ లేదు. మన దక్కనీ మాటలో మాత్రం ‘అపన్’ అని కలుపుకొను మాట ఒకటి ఉన్నది. ఫ్రెంచి ‘ఒఁ’ రెండు పనులూ చేస్తుంది. స్నేహితులతో ‘ఒఁనివా’ అంటే ‘వెళ్దాం, పదండి’. విందుకు వెళ్ళిన ఇంట భోజనానంతరం లేచి నిలబడి, ఇంటివారితో ‘ఒఁనివా’ అంటే ‘ఇక మేము వెళ్తాం, సెలవు’. మనకు ‘వెళ్దాం’, ‘వెళ్తాం’ అని ఒక్క అక్షరంతో తేలిపోయే విషయం వారికి సందర్భాన్ని బట్టి, ముఖభావాన్ని బట్టి తేలవలసి ఉన్నది. విందు ఇచ్చిన గృహస్థు తననూ రమ్మంటున్నారేమో అనుకొని చెప్పులు తొడుగుకొనటం మాత్రం జరుగదనే మా నమ్మకం.

రెండవ పదం ‘ఇ’. వ్రాతలో ఇది వై అక్షరం. ఫ్రెంచివారు ఆ అక్షరాన్ని ‘ఇగ్రెక్’, గ్రీకు ఇకారం అని పిలుస్తారు. దీని అర్థం ‘అక్కడికి’. క్రియకు ముందే దీని స్థానం, మన ‘అక్కడికి పోతాడు’ అన్న వరుస వలెనే. అయితే ఎక్కడికి? ఎక్కడికీ కాదు. ఫ్రెంచిలో ‘వెళ్ళు’ అన్న క్రియ సామాన్యంగా గమ్యం చెప్పకుండా ఒంటరిగా నిలువలేదు. గమ్యం చెప్పనవసరం లేనప్పుడు, ఆ ఖాళీని పూరించటానికి ఈ ‘ఇ’ని నిలబెడతారు. సభ ప్రారంభిస్తూ అధ్యక్షుడు, వంట మొదలుపెడుతూ ఇల్లాలు, పాఠం ఎత్తుకుంటూ ఉపాధ్యాయుడు అందరూ ‘ఒఁనివా’ అంటారు. అడుగు తీసి అడుగు వేయకుండానే. అప్పుడు అది మన ‘సరే, కానిద్దాం’, ఉర్దూ ‘చలియే, షురూ కరేఁ’.

భవిష్యత్కాలంలో ఈ ‘ఇ’ మాయమవుతుంది. ‘వెళ్తాం’ అనటానికి క్రియ ‘ఇరా’ అన్న రూపం దాల్చుతుంది. దాని ముందు మరొక ‘ఇ’ వస్తే రెండు ఇకారాలు ఢీకొంటాయి. అందుచేత ‘ఒఁనిరా’ అని ఒక్క ఇకారంతో సరిపెడతారు. ఇకార సంధి మనకొక్కరికే పరిమితం కాదని గ్రహించగలరు.

మూడవ పదం ‘వా’, ‘పోతాడు’ అని అర్థం. ఈ క్రియ ఫ్రెంచి నేర్చు ప్రతివాని పాలిట పరీక్ష. నేను పోతాను – ‘జ వే’. నీవు – ‘త్యు వా’. అతడు – ‘ఈల్ వా’. మేము – ‘నూజాలొఁ’. మీరు – ‘వూజాలే’. వారు – ‘ఈల్ వొఁ’. భవిష్యత్తులో ‘ఇరా’. ఒకే క్రియలో వా, ఆల్, ఇర్ అని మూడు ధాతువులు కాపురం చేస్తున్నవి. ఇంత అక్రమం ఎక్కడైనా ఉన్నదా అని ఆశ్చర్యపడే ఉర్దూ విద్యార్థి తన ‘జానా’ను చూసుకొనవలెను. ‘జాతా’ అనేవాడు నిన్నటి మాటకు ‘గయా’ అంటాడు. తెలుగు విద్యార్థి ‘వచ్చాడు’ అని, ఆ వెంటనే ‘రాడు’ అంటాడు. పైకి చూస్తే ఆ రెండు మాటలకూ ఏమి పోలిక? చాలా భాషలలో రాకపోకల క్రియలు ఇటువంటివే. రోజూ వాడే గొడ్డలి పిడి అరిగినట్లు రోజూ వాడే క్రియలు వంకర తిరుగుతాయి.

ఆజ్ఞార్థకంలో ఒక చిన్న చమత్కారం. స్నేహితునితో ‘పో’ అనాలంటే ‘వా’. దాని వెంట ‘ఇ’ చేర్చితే రెండు అచ్చుల నడుమ ఒక ‘జ్’ ధ్వని వచ్చి ‘వాజీ’ అవుతుంది. ‘కానీ, మొదలుపెట్టు’ అని దాని భావం. మా, అమ్మ కలిసినప్పుడు ‘మాయమ్మ’లో యకారం వచ్చినట్లే ఇదీ ఆగమం. ‘జీ’ ఉన్నది గదా అని ఉర్దూ సోదరులు దీనిని మర్యాద మాట అనుకొని పెద్దల యెదుట వాడరాదు. వాజీ ‘నువ్వు’ అనదగిన వారితోనే. పెద్దలతో, పదిమందితో ‘ఆలేజీ’ అనవలెను. ఫ్రెంచిలో ‘త్యు’, ‘వూ’ అన్న భేదం మన నువ్వు, మీరుల వంటిది, తుమ్, ఆప్‌ల వంటిది. తప్పితే మనసు నొచ్చుకుంటుంది. ‘ఒఁనివా’లో ఈ ప్రమాదం లేదు. అందులో నువ్వూ లేదు, మీరూ లేదు, అందరూ కలిసిన ‘మనం’ ఉన్నది. క్రొత్తవానికి ఇంత క్షేమకరమైన మాట మరొకటి దొరకటం కష్టం. ప్రశ్నగా మార్చవలెనన్నా తెలుగులో వలె ‘ఆ’ చేర్చి ‘వెళ్దామా’ అనవలసిన పని లేదు. ఉర్దూలో ‘చలేఁ?’ అన్నట్లు గొంతు చివర కొంచెం లేపితే చాలు.

ఇక వ్యతిరేకార్థం. గ్రంథభాషలో క్రియకు ముందు ‘న’, వెనుక ‘పా’ అని రెండు నిషేధ పదాలు ఉండవలెను. నోటి మాటలో ముందున్న ‘న’ను వదిలివేసి ‘పా’తోనే సరిపెట్టుకుంటారు. ‘వెళ్ళవద్దు’ అని పుస్తకం ప్రకారం పలికితే ‘ఒఁనివా పా’. ‘న’ వదిలి పలికినా ‘ఒఁనివా పా’యే. మొదటిదానిలోని నకారం నిషేధపదానిది, రెండవదానిలోనిది ఇంతకు మునుపు చెప్పిన కలయిక వలన వచ్చినది. చెవికి రెండూ ఒక్కటే, కాగితం మీద మాత్రం వేరు. అందుచేతనే ఫ్రెంచి పిల్లలు సైతం ఉక్తలేఖనంలో ఇక్కడ పొరపడుతుంటారు. ఫ్రెంచివారికి తమ భాషను కాపాడటానికి 1635 నుండి ఒక అకాడమీ ఉన్నది. అయినా ఆచార్యులు, న్యాయవాదులు, వైద్యులు అందరూ ఇంటిలో ‘న’ను వదిలివేస్తూనే ఉన్నారు, ‘నూ’ బదులు ‘ఒఁ’ అంటూనే ఉన్నారు. వ్రాసేటప్పుడు రెండూ తిరిగి వస్తాయి. ఎక్కడ ఏది వాడవలెనో తెలిసినవాడే విద్యావంతుడని వారి లెక్క. ఇంటి మాట మాట్లాడినందుకు ఎవరినీ చదువురానివాడని అనరు.

ఈ మాట వ్రాస్తుండగా మా బాల్యంలోని ఒక తరగతి గది కన్నుల ముందు నిలుస్తున్నది. పేరు చెప్పనవసరం లేదు. ఒకనాడు ఉపాధ్యాయుడు ఏదో అడుగగా మేము అప్రయత్నంగా ‘నక్కో’ అన్నాము. తరగతి గొల్లుమన్నది. ‘ఇది ఉర్దూ కాదు, ఏ భాషా కాదు’ అని ఆయన తీర్మానించారు. ఆ దినం మొదలు చాలా కాలం మేము బడిలో ఉర్దూ నోరు విప్పలేదు. ఇంటికి వచ్చి దాదీతో మాట్లాడేటప్పుడు కూడా మాటలను తూచి వాడాము. ఆమెకు కారణం ఎన్నటికీ తెలియలేదు.

రేవులోని ఆ వృద్ధుని మాట విన్న తరువాత గాని ఆ తీర్మానాన్ని ప్రశ్నించవలెనని మాకు తోచలేదు. మన ఇండ్లలోని దక్కనీని కొంచెం పరిశీలించి చూడండి. ‘వో ఆతుఁ బోల్‌కే బోల్యా’. అక్షరాలా ‘వాడు వస్తానని చెప్పాడు’. ఇందులోని ‘బోల్‌కే’ మన ‘అని’. ‘వో ఆయా కతే’. ‘వాడు వచ్చాడట’. ఇందులోని ‘కతే’ మన ‘అట’. బహువచనానికి ‘లోగాఁ, బాతాఁ’ అని ఒకే ప్రత్యయం, మినహాయింపులు తక్కువ. తెలుగు వాక్యపు అచ్చులో ఉర్దూ పదాలు పోసి తరతరాలుగా పోతపోసిన భాష ఇది. గోల్కొండను 1580 నుండి 1612 వరకు ఏలిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం చెప్పినది ఈ దక్కనీలోనే. ‘ఒఁనివా’కు నియమం ఉన్నట్లే ‘నక్కో’కు నియమం ఉన్నది. తెలుగులో ఈ సత్యాన్ని చెప్పి నెగ్గించుకొనటానికి గిడుగు రామమూర్తి పంతులుగారు ఎంత పోరాడవలసి వచ్చెనో మనకు తెలియనిది కాదు. దక్కనీ పక్షాన మన బడులలో అట్టి వకీలు లేడు.

దీని అర్థం శిష్ట ఉర్దూ అక్కరలేదని కాదు, పరీక్షాపత్రంలో ‘కతే’ అని వ్రాయమనీ కాదు. 1908లో హైదరాబాదులో జన్మించిన ముహమ్మద్ హమీదుల్లా ఉర్దూ మాధ్యమంలో నడిచిన నాటి ఉస్మానియాలో చదివి, పారిస్‌లోని సోర్బాన్‌లో డాక్టరేటు పొంది, ఆ నగరంలోనే అనేక దశాబ్దాలు నివసించి, 1959లో ఖురాన్ ఫ్రెంచి అనువాదం వెలువరించారు. అటువంటి కృషికి గ్రంథభాషే కావలెను. మేము చెప్పవచ్చినది, ఒక భాష నేర్చుటకు మరొక భాషను సిగ్గుతో దాచుకొనవలసిన పని లేదని. పైగా దాచుకున్నవాడే నష్టపోతాడు. నూన్ గున్నా, ద్రుతం, ‘అపన్’, ‘జాతా – గయా’ ఇవన్నీ దగ్గర ఉంచుకున్నవానికి ‘ఒఁనివా’ ఒక గంట పాఠం.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన గ్రంథాలయానికి ఒక ఫ్రెంచి నిఘంటువు, ఒక ప్రథమ వ్యాకరణం తెప్పించవలెను. వాటి ఖర్చు స్వల్పం. అంతకంటె స్వల్పమైన ఖర్చుతో మరొకటి కావలెను, గీతల నోటుపుస్తకం ఒకటి. దానిని గ్రంథాలయపు బల్ల మీద ఉంచితే, విద్యార్థులు తమ తాతలు, దాదీలు, నానీలు వాడిన ఉర్దూ మాటలను తెలుగు అర్థంతో సహా అందులో వ్రాయగలరు. మొదటి పుటకు మేము ఒక వాక్యం పంపుతున్నాము. బడికి వెళ్ళనని మారాం చేసినప్పుడల్లా మా దాదీ అనే మాట అది – ‘రోనా నక్కో, చల్, అపన్ దోనోఁ జాయింగే.’ దానిలోని ‘అపన్’ను ఏ వ్యాకరణ పుస్తకంలో ఏ పేరుతో పిలువవలెనో ఎరిగినవారు ఎదుటి పుటలో వ్రాయుదురు గాక.